ఆఫీసులో వడ్డన

పాప మూడో తరగతికి వచ్చాక నేను మళ్ళీ ఉద్యోగంలో చేరాను. సూర్యాపేట అప్పటికింకా జిల్లా కాలేదు. మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువులు అమ్మే ఒక చిన్న ఆఫీసు. పెళ్ళికి ముందు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బిల్లులు రాసిన అనుభవం తప్ప నాకు ఇంకేమీ లేదు. "రెండు నెలలు చూస్తానమ్మా, పని నచ్చితేనే ఉంచుకుంటాను," అన్నాడు మేనేజరు. ఆయనది కోదాడ. మా అత్తమ్మ కూడా అదే గడువు పెట్టింది. "వాళ్ళు వద్దంటే ఇగ ఇంట్ల కూసో." ఇంటి పనికి కూర్చోవడమని పేరు పెట్టినవాళ్ళు ఒక్కరోజైనా ఆ పని చేసి ఉండరు.

మొదటి రోజే తప్పు చేశాను. మధ్యాహ్నం ఆఫీసులో పనిచేసే నలుగురు మగవాళ్ళూ అన్నం డబ్బాలు విప్పగానే నా చేతులు ఊరుకోలేదు. అందరికీ గోంగూర పచ్చడి వేశాను, మజ్జిగ పోశాను, వాళ్ళు లేచాక తిన్నాను. డబ్బాలు కూడా కడిగి బోర్లించాను. ఎవరూ అడగలేదు. మా ఇంట్లో కోడలు అందరి తర్వాతే తింటుంది. అలవాటులో పొరపాటు.

చనువిస్తే చంకెక్కుతారు కదా. వారం తిరిగేసరికి "మేడం" పోయి "వదినా" వచ్చింది.

"వదినా, జర పచ్చడి ఎయ్యి."

"ఇయ్యాల చారు తేలేదా వదినా?"

తిన్న డబ్బాలు నా బల్ల మీద పెట్టి పోయేవారు. డీలర్లు వస్తే చాయ్ పెట్టేదీ నేనే. నేను రాయాల్సిన బిల్లులు మెల్లగా పక్క కుర్చీ ఆయన దగ్గరికి పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. నా మీద నాకే మంట పుట్టేది.

నా రెండు నెలల గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా ఆఫీసుకి కంప్యూటర్ వచ్చింది. దానిమీద బిల్లు చేయడం నేర్పడానికి నల్గొండ నుంచి ఒకాయన దిగాడు. బాగా నేర్చుకున్నవాళ్ళకే ఆ సీటు అని మేనేజరు ముందే చెప్పాడు. నలుగురూ చుట్టూ చేరారు. నేనూ కుర్చీ లాక్కుంటుంటే మేనేజరు ఆపాడు.

"నువ్వు చాయ్ సంగతి చూడమ్మా. వీళ్ళు నేర్చుకుంటారులే."

నా కాళ్ళు స్టవ్ వైపు నడిచాయి కూడా. సగంలో భయం వేసింది. ఇప్పుడు చాయ్ పెట్టానంటే ఎల్లుండి నుంచి ఇంట్లోనే పెట్టుకోవాలి. వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"నేను గూడ నేర్చుకుంట సార్."

"మరి చాయ్ ఎవరు పెడతారమ్మా?"

"చాయ్ ఎదురు హోటల్ల దొరుకుతది సార్. నాకు ఇంకో నౌకరి దొరకది."

మేనేజరు ముఖం గంటుపెట్టుకుని తనే హోటల్‌కి ఫోన్ చేశాడు. సాయంత్రానికల్లా ఆ కంప్యూటర్ మీద మొదటి బిల్లు నేనే తీశాను.