మొండితనానికి మంచి మాట

కద్మా కాలనీలో కుసుమకుమారి గారి ముందుగదిలో రోజూ సాయంత్రం ఇంగ్లీషు పాఠాలు జరుగుతాయి. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, సుద్దముక్కని వేళ్ళ మధ్య దొర్లిస్తూ, ఒక్కో మాట మంచిచెడ్డలూ చెబుతారు. "పట్టుపట్టి గెలిచినవాడిని డిటర్మిన్డ్ అంటారు. అదే పట్టుతో ఓడిపోతే స్టబర్న్ అనీసి ఊరుకుంటారు." కూతురు అపూర్వ మంచుకొండలెక్కుతుంది. ఆ పిల్లని ఇరుగుపొరుగు ముందు డిటర్మిన్డ్ అనీ, ఇంట్లో స్టబర్న్ అనీ అనడం ఆవిడకి అలవాటు.

ఆ రోజు కొండ మీద మంచుతుఫాను లేచిందనీ, అపూర్వ బృందం జాడ తెలియడం లేదనీ మధ్యాహ్నమే కబురొచ్చింది. ఆవిడ మాత్రం పాఠం మానలేదు. బోర్డు మీద, పట్టు విడవనివాడనే అర్థంలో, టెనేషియస్ అని రాయబోయి రెండుసార్లు తప్పు రాశారు, రెండుసార్లూ చీర కొంగుతోనే తుడిచారు. భర్త భీమశంకర్ గుమ్మంలో నిలబడి, "పిల్లల్ని పంపించెయ్ కుసుమా," అన్నారు.

"పంపించేత్తే నేనేటి చెయ్యాలండి?" అన్నారావిడ, బోర్డు వైపు నుంచి తిరగకుండానే.

అప్పుడు ఫోను మోగింది. ఆవిడ వేళ్ళలో సుద్దముక్క విరిగింది.

"మమ్మీ, మై ఠీక్ హూ, బానే ఉన్నాను," అంది అపూర్వ. "శిఖరం కనిపిస్తూనే ఉంది. అయినా వెనక్కి దిగొచ్చీసాను. అందరూ పిరికిదాన్నంటారేమో."

ఆవిడ గోడకి చేరబడి, పిల్లలందరి ముందూ నేల మీద కూర్చుండిపోయారు. "ఏటైనా తిన్నావా?" అని అడిగారు.