జంట గీత

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పోలీసులు వచ్చేంత నేరం కాదు. అయినా దాని బరువు నాకు తెలుసు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెబుతాను. నాన్నకు రైల్వేలో ఉద్యోగమై మావాళ్లు పలాస వైపు నుంచి ఇక్కడికొచ్చారు. నాన్న అమ్మకు స్వయానా మేనమామ. మనలో మామూలే. ఇక్కడి హిందీవాళ్లకు మాత్రం వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. అది చిన్నప్పుడే గ్రహించి నోరు కుట్టేసుకున్నాను.

జన్యుశాస్త్రమంటే పిల్లలు ఆవలిస్తారు. వంశవృక్షంలో మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. నేను చదరాలకు మీసాలు, సున్నాలకు జడలు పెట్టేదాన్ని. పగలబడి నవ్వేవాళ్లు, పాఠం బుర్రకెక్కేది. దగ్గరి బంధువుల పెళ్లికి ఒక గీత బదులు జంట గీత గీయాలి. అందుకోసం పన్నెండేళ్ల కిందట ఒక రోజు పదో తరగతిలో మేనరికం పెళ్లి గీశాను. పెళ్లికొడుకు తల్లీ, పెళ్లికూతురి అమ్మమ్మా ఒక్కరే. మగపెళ్లివారి తరఫున మూతి ముడుచుకుని అలిగేదీ ఆవిడే, ఆడపెళ్లివారి తరఫున కాళ్లావేళ్లా పడి బతిమాలేదీ ఆవిడే. ఎక్కడిది నాకీ ఆలోచన? అమ్మ తన పెళ్లి గురించి చెప్పి నవ్వే ముచ్చటే అది.

పిల్లలు బల్లలు చరిచారు. "ఛీ! మామాసే షాదీ?" అన్నాడొకడు. ఇంకొకడు లావణ్య వైపు తిరిగి, "తుమ్ లోగోం మే హోతా హై నా?" అన్నాడు, మీవాళ్లలో ఉంటుంది కదా అని. ఆ క్లాసులో లావణ్య ఒక్కతే తెలుగు పిల్ల. తండ్రి భన్‌పురిలో లారీ ఆఫీసు గుమాస్తా. వాళ్లదీ మేనరికమే. వాళ్లమ్మా మా అమ్మా ఒకే ఊరివాళ్లు, మా ఇంటి సంగతి ఆ పిల్లకు తెలుసు.

లేచి నిలబడి తెలుగులో, మెల్లగా అడిగింది. "మేడమ్, మీ అమ్మానాన్నలదీ మేనరికమే కదండీ? ఒక్కసారి చెప్పండి వీళ్లకి."

ఎవరికీ అర్థంకాని భాషలో అడిగి నా పరువు నా చేతుల్లోనే ఉంచింది. అంత చిన్నపిల్లకున్న ఇంగితం నాకెందుకు లేకపోయింది? నేను హిందీలో, అందరికీ వినపడేలా అన్నాను. "నహీ బేటా, హమారే ఘర్ మే ఐసా కుఛ్ నహీ హై." మా ఇంట్లో అలాంటిదేమీ లేదని.

లావణ్య కూర్చుంది. తనేం అడిగిందో నా జవాబుతో క్లాసంతటికీ తెలిసిపోయింది. ఆనాటి నుంచి దాని పేరు 'డబల్ లైన్'. నేను విన్నాను, విననట్టు ఊరుకున్నాను. డాక్టరు కావాలనుకున్న పిల్ల, పదయ్యాక కామర్సు తీసుకుంది.

బొమ్మకు మాత్రం మంచి పేరొచ్చింది. ప్రిన్సిపాల్ ఏటా కొత్త టీచర్ల ముందు నాచేతే గీయిస్తారు. గీయనంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే అప్పటి అబద్ధం బయటపడుతుంది. అమ్మ ఇప్పటికీ నాన్నను 'మావయ్యా' అనే పిలుస్తుంది. ఎవరైనా వింటారేమోనని వాళ్లిద్దరినీ స్కూలు ఫంక్షన్లకు రానివ్వను. కన్నవాళ్లనే దాచుకుని బతకడం ఏం బతుకు?

లావణ్య నంబరు సంపాదించాను. రెండుసార్లు కలిపి, మోగకముందే పెట్టేశాను. పోనీ లెండి మేడమ్ అంటుందేమోనని కూడా భయమే. క్లాసు ముందు అడిగిన మాటకు క్లాసు ముందే జవాబు చెప్పాలి. ఆ క్లాసు ఇక లేదు.

లావణ్య అడిగింది నిజం. అబద్ధమాడింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.