కుడితితొట్టిలో తొండ

మా నాన్న ఖాళీ చేతులతో ఇంటికొచ్చే మనిషి కాదు. లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి ఒకసారి పనసతొనలు, ఒకసారి ప్లాస్టిక్ బిందె, ఏదో ఒకటి తెచ్చేవాడు. కానీ ఆ ఏడు దసరాకి కొన్నాళ్ళ ముందు ఆయన తువ్వాల్లో చుట్టి తెచ్చినదాన్ని చూసి మా అమ్మ చేతిలో గరిటెతో సహా వీధిలోకి పరుగెత్తింది.

తొండ! కంచెల మీద పాకే బక్క తొండ కాదు. మాచర్ల చుట్టూ నాపరాతి క్వారీల్లో, ఎండకి కాలే బండల మీద గొంతు ఉబ్బించుకుని దర్జాగా కూర్చుంటుందే, ఆ రకం. జానెడు పైనే ఉంది. తోక సగం దగ్గర నలిగిపోయింది. ఒంటికి రంగే లేదు, బూడిదలో పొర్లినట్టుంది.

"లోడు ఎక్కిస్తుంటే ఇది రాయి కింద పడి నలిగింది. నా చేతిలోంచి జారిన రాయే," అన్నాడు నాన్న. "చచ్చిందనుకున్నా. కళ్ళు తెరిచి నా మొహంలోకి చూసింది."

"చూస్తే మాత్రం ఇంటికి తెస్తారా ఏంది?" అని అమ్మ వీధిలోంచే అరిచింది.

"నాకివ్వు నాన్నా! నేను పెంచుతా!" అని నేను అప్పటికే తువ్వాలు లాక్కున్నాను. నేనప్పుడు ఆరో తరగతి. బల్లులకీ జెర్రులకీ భయపడే రకాన్ని కాను. వీధిలో అందరూ నన్ను మగరాయుడు అనేవాళ్ళు. నాకు అది బిరుదు.

నాన్న నా తల మీద చెయ్యి వేసి, "మళ్ళీ మద్రాసు లోడుకి పోతున్నా. దసరాకి వస్తా. అప్పటికి ఇది బండమీద కూర్చుని తల ఊపుతుండాలి. పూచీ నీదే," అన్నాడు. అంతవరకూ నాన్న నాకు ఒక్క పని చెప్పి ఎరగడు. ఉన్న రెండు రోజులూ ముద్దు చేసి వెళ్ళిపోయేవాడు. అట్లాంటి మనిషి నాకు ఒక ప్రాణాన్ని అప్పగించి పోతున్నాడు! ఆ రోజు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి.

పెరట్లో పగిలిన కుడితితొట్టి ఒకటి ఉండేది. గేదెను అమ్మేశాక దానితో పనిలేదు. అందులో ఇసక పోసి, ఒక నాపరాయి ముక్క ఏటవాలుగా నిలబెట్టి, పైన పాత జల్లెడ బోర్లించి, తొండను దింపాను. ఇల్లు సిద్ధం. మరి భోజనం?

మా ఇంట్లో ఒక జబ్బు ఉంది. గడప తొక్కినవాళ్ళు ఎవరైనా సరే, కడుపునిండా తినిగానీ కదలకూడదు. పోస్టుమాను కూడా రెండు గారెలు తినాల్సిందే. తొండను చూసి పరుగెత్తిన మా అమ్మే సాయంత్రానికి చిన్న గిన్నెలో పెరుగన్నం కలిపి, మొహం పక్కకి తిప్పుకుని, తొట్టిలోకి జార్చింది. నాయనమ్మ బెల్లం ముక్క వేసింది. మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, బజారు నుంచి వేడి పకోడీ తెచ్చి పడేశాడు. నేను దూదితో పాలు తాగించబోయాను. గోంగూర పచ్చడి ఒక్కటే తక్కువ! తొండ మాత్రం నోరు బిగించుకుని కూర్చుంది. మూడో రోజుకి పెరుగన్నానికి చీమలు పట్టి, ఆ చీమలు దాని తోక గాయం మీదికి పాకాయి. తొట్టంతా కడిగి మళ్ళీ ఇసక పోశాను.

"ఇది మనలాగా అన్నం తినే జీవమటే, పిచ్చిమొహమా? పురుగూ పుట్రా తినిద్ది," అంది నాయనమ్మ. ఆ మాట బెల్లం వెయ్యకముందు అనొచ్చుగా!

పరుగెత్తుకెళ్ళి నా వేలంత మిడతను పట్టుకొచ్చాను. తొండ ఆశగా నోట్లోకి తీసుకుంది. మింగలేక, కక్కలేక, మెడ సాగదీసి గిలగిల్లాడింది. నాయనమ్మ తన మునివేళ్ళతో మిడతను బయటికి లాగి నా నెత్తిన ఒకటి మొట్టింది.

"దాని నోరెంత, నువ్వు పెట్టేదెంత? దాని రెండు కళ్ళ మధ్య పట్టేదే దాని గొంతులో పట్టిద్ది. అంతకు మించి పెట్టమాక."

ఆ తర్వాత తొండ ఇంకా ముడుచుకుపోయింది. డొక్కలు లోపలికి పోయాయి. నాన్న రావడానికి ఇంక ఎన్నో రోజుల్లేవు. బడికి సెలవులిచ్చారు, తోటి పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు, నేను మాత్రం తొట్టి అంచు వదల్లేదు. దాని పొట్ట ఎగిరి పడుతోందా లేదా అని చూడడమే నా పని.

అప్పుడు మా బాబాయికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆయన గురజాల దారిలో కౌలుకి పత్తి వేశాడు. ఆ రోజుల్లో పల్నాడంతా పత్తి, పత్తి మీదంతా పచ్చపురుగు. ఎన్ని మందులు కొట్టినా అది చచ్చేది కాదు.

"పత్తి పురుగులు పెడదాం రావే! వెన్నముద్దల్లా ఉంటయ్. దీని కడుపూ నిండిద్ది, నా చేనూ బాగుపడిద్ది!" అన్నాడు.

చేనుకి వెళ్ళేసరికి బాబాయి డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. డబ్బాలోంచి నూనెలాంటిది కొంచెం పోశాడో లేదో, డ్రమ్ములో నీళ్ళన్నీ చిక్కటి పాలలా తెల్లబడ్డాయి. భలే తమాషాగా అనిపించి కళ్ళార్పకుండా చూశాను. వాసన మాత్రం ముక్కు పగిలేలా ఉంది. కానీ ఆ కాలంలో ఊరంతా అదే వాసన. ఎవరి చొక్కా చూసినా, ఏ సంచి చూసినా అదే. కొన్నాళ్ళకి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేసింది.

"మందు పడిన పురుగులేమో బాబాయ్?" అని అడిగాను. అడిగానండీ, అంత తెలివితక్కువదాన్నేం కాదు.

"మందు పడితే చావదటే? బతికుందంటే పడనట్టేగా!" అన్నాడు. నిజమే కదా అనిపించింది. లేత కాయల్లో తల దూర్చిన పురుగుల్ని ఏరి, మూతడబ్బా నింపుకుని, బాబాయి సైకిల్ వెనక ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. సన్నవి, నున్ననివి, సరిగ్గా తొండ నోటికి పట్టేవి. గెలిచేశాననుకున్నాను!

తొట్టి పక్కన డబ్బా పెట్టి జల్లెడ తీశాను. ఈలోగా నాయనమ్మ పెంచే ఎర్రకోడి వచ్చి డబ్బాను ఒక్క తన్ను తన్నింది. పురుగులన్నీ నేలపాలు. దాన్ని అదిలించేలోగా అందినన్ని మింగేసింది. "నీ దుంప తెగ!" అని చీపురు పట్టుకుని వెంటపడ్డాను. దడి దాకా పరుగెత్తిన కోడి అక్కడ ఆగింది. కాళ్ళు తడబడ్డాయి. మెడ వెనక్కి వాల్చి, రెక్కలు నేలకేసి కొట్టుకుంటూ పక్కకి ఒరిగిపోయింది.

చీపురు నా చేతిలోంచి జారిపోయింది.

నాయనమ్మ పరుగున వచ్చి కోడిని ఒళ్ళో వేసుకుని, నోరు వాసన చూసి, నా వైపు చూసింది. ఆవిడ చూపు తట్టుకోలేక, "బతికున్న పురుగులే నాయనమ్మా!" అన్నాను ఏడుస్తూ.

"పురుగు బతికితే దాని కడుపులో మందు ఎటు పోయిందే? అది మందు తాగటం మరిగిందే!" అంటూ కోడి నోట్లో నీళ్ళు పోసింది. బాబాయిని మాత్రం వదల్లేదు. దడి అవతలి వాళ్ళకి కూడా వినబడేలా తిట్టింది. మిగిలిన పురుగుల్ని గొయ్యి తీసి పూడ్చిపెట్టించింది. కోడి ఆ పూటంతా గంప కింద వణుకుతూ పడుకుని, తెల్లారాక లేచి నిలబడింది. అది మళ్ళీ పెట్టిన గుడ్లను కూడా కొన్నాళ్ళపాటు నాయనమ్మ మట్టిలోనే కప్పెట్టింది. ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ తెల్లారే నాయనమ్మ నన్ను లేపి, పెరటి చివర చెదలపుట్ట దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక పాతకుండ బోర్లించి ఉంది. కోడిపిల్లలకి మేత పట్టేందుకు ఆవిడ చేసే పని అది. కుండలో ఎండుపేడ, తడిపిన జొన్నచొప్ప కుక్కి పుట్ట మీద బోర్లిస్తే, తెల్లారేసరికి చెదలు అందులోకి ఎక్కుతాయి. కుండ తిప్పి చూపించింది. తెల్లగా, మెత్తగా, బియ్యపు గింజల్లా లక్షా తొంభై పురుగులు!

"ఇక్కడ ఏ మందూ పళ్ళేదు. కోడిపిల్లకి పనికొచ్చింది దీనికీ పనికొచ్చిద్ది. ముందు తొట్టిని ఎండలోకి జరపండి. ఒళ్ళు కాగందే దానికి ఆకలెట్టా అయ్యిద్ది? బండమీద బతికేదాన్ని తీసుకొచ్చి నీడన పెట్టారు."

బాబాయీ నేనూ తొట్టిని ఎండలోకి నెట్టాం. నాపరాయి వేడెక్కింది. తొండ మెల్లగా దానిమీదికి పాకి ఒళ్ళు పరుచుకుంది. నేను ఒక చితుకు మీద చెదలు దులిపి దాని ముందు పెట్టాను. కన్ను తిప్పింది. తల వంచింది. చటుక్కున నాలుక బయటికొచ్చింది. ఒక చెద మాయం! ఇంకోటి! ఇంకోటి!

"తింటోందీ! అమ్మా, తింటోందే!" అని నేను వేసిన కేకకి అమ్మ, ఈసారి కూడా గరిటెతోనే, పెరట్లోకి వచ్చింది. నేను బాబాయి చేతులు పట్టుకుని గిరగిరా తిరిగాను. నాయనమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇక నన్ను పట్టగలరా! సేద్యమే లేని క్వారీ దిబ్బల మీదికి వెళ్ళి చిన్న చిన్న మిడతలు పట్టేదాన్ని. గరుకుగా ఉండే వెనక కాళ్ళు తీసేసి పెట్టేదాన్ని. వెంట్రుకల గొంగళిపురుగులు వద్దు, మిణుగురులు వద్దు, వాటిని కోడిపిల్లలు కూడా ఉమ్మేస్తాయని నాయనమ్మ చెప్పింది. ఒకరోజు మా పాదులో గుమ్మడిపువ్వు రేకు గాలికి తొట్టిలో పడితే, ఆ పసుపు రంగు చూసి తొండ దాన్ని కూడా నమిలేసింది! రోజుకో రేకు దానికి ఫలహారమైంది. అన్నిటికంటే గట్టి నియమం ఒకటి పెట్టాను. తొట్టి దగ్గరికి ఎవరొచ్చినా సబ్బుతో చేతులు కడుక్కునే రావాలి. చేనునుంచి వచ్చిన బాబాయిని రెండుసార్లు కడిగించేదాన్ని.

"కలెక్టరమ్మ తయారైంది మా ఇంట్లో," అని సణుక్కుంటూ కడుక్కునేవాడు.

దసరా ముందురోజుకి తొండ వీపు ఇటుకరంగుకి తిరిగింది, డొక్కల కింద నల్లగా నిగనిగలాడింది. ఎండలో బండమీద కూర్చుని తల పైకీ కిందికీ ఊపుతోంది. సరిగ్గా మిట్టమధ్యాహ్నం నాన్న వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం పీక్కుపోయింది. సంచి కింద పెట్టకుండానే, "బతికుందా?" అన్నాడు.

"బతకడమా! వచ్చి చూడు నాన్నా!" అని చెయ్యి పట్టుకుని లాగబోయాను.

"ముందు అన్నం తినండి. ఎప్పుడనగా తిన్నారో," అని అమ్మ అప్పటికే పళ్ళెం పెట్టేసింది.

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆకలికి కళ్ళు తిరుగుతున్నయ్. అయినా ముందు నా తొండని చూడాల్సిందే," అని నాన్న పెరట్లోకొచ్చాడు. దాన్ని చూసి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. వెంటనే చెదల కుండలోకి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు! చేతులు కడుక్కో!"

"అబ్బో! తొండగారికి మడి కట్టుకుని వడ్డించాలా?" అని నవ్వుతూ, నీళ్ళ గాబు దగ్గర నాపరాయి మీద కూర్చుని చేతులు చాచాడు. నేను చెంబుతో నీళ్ళు పోశాను.

నల్లటి బండ మీద పాలు పారాయి.

ఇంకో చెంబు పోశాను. మళ్ళీ తెల్లగానే. బాబాయి డ్రమ్ములో చూసిన తెలుపు అది. "బాబాయ్!" అని నేను అరిచిన అరుపుకి ఇంట్లో అందరూ వచ్చారు.

బాబాయి బండను చూసి, నాన్న చేతులు వాసన చూశాడు. "ఏం లోడు తెచ్చావ్ అన్నా?"

"గుంటూరులో ఎక్కించిన పురుగుమందు డబ్బాలు. ఒక డబ్బా కారుతుంటే చేత్తో తుడిచి పక్కన పెట్టా. అదేమన్నా..." అని ఆగిపోయాడు నాన్న.

నాయనమ్మ నాన్నను గాబు దగ్గరే నిలబెట్టింది. కొడుకు చొక్కా, లుంగీ విప్పించి అవతల పారేసింది. చిన్నపిల్లాడికి పోసినట్టు తలమీదనుంచి నీళ్ళు పోసి సబ్బు అరిగేదాకా రుద్దింది. నీళ్ళు నీళ్ళలా పారేదాకా వదల్లేదు. బాబాయి డాక్టరు కోసం సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాడు. డాక్టరొచ్చి, నాడి చూసి, కళ్ళు చూసి, ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆ చేతులతో ముద్ద కలిపి తినకపోవడమే అదృష్టమని, ఇక మెల్లగా అన్నం పెట్టొచ్చని చెప్పి వెళ్ళాడు. అమ్మ గుమ్మానికి ఆనుకుని ఏడ్చేసింది. ఈగలు వాలుతున్న ఆ పళ్ళెం అక్కడే ఉంది.

సాయంత్రం నాన్న తొట్టి పక్కన నులకమంచం మీద కూర్చున్నాడు. అమ్మ వేడన్నం తెచ్చింది. నాన్న చెయ్యి చాపబోతే నాయనమ్మ కసిరింది. "ఆ చేతులు పళ్ళెంలో పెట్టమాక. నాకింకా నమ్మకం కుదర్లేదు. ఏమే, నువ్వు పెట్టవే. కడుక్కున్నావుగా?"

నేను మళ్ళీ ఒకసారి కడుక్కుని వచ్చాను. పప్పు, నెయ్యి కలిపి ముద్ద చేశాను. నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బుద్ధిగా నోరు తెరిచాడు. ఒకటి పెట్టాను. మింగేదాకా ఆయన గొంతువైపే చూసి ఇంకోటి పెట్టాను.

"కాస్త పెద్ద ముద్ద పెట్టవే తల్లీ," అన్నాడు నాన్న. "నేనేమన్నా తొండనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. ముద్ద మాత్రం పెద్దది చెయ్యలేదు.