రాజయ్య కన్ను శవానిది కాదు

నిన్న పొద్దున లావణ్య ఫోన్ చేసి, "చిన్నాయిన పోయిండు మామా" అంది.

మొన్న సాయంత్రమే రాజయ్య సిద్దిపేట బస్టాండులో నాకంటే ముందు బోర్డు చదివి, నన్ను బస్సెక్కించాడు.

తర్వాత ఫోన్ తెరిస్తే అన్నీ మన ఊరివాళ్లవి, మీ స్టేటస్‌లే. దీపం బొమ్మలు. "మంచి మనిషి." "తీరని లోటు."

సిగ్గుండాలి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రాజయ్య మగ్గం నేసేవాడు. గోడలకు వేయడానికి సున్నం కలుపుతుంటే పొంగి రెండు కళ్లలో పడింది. చూపు పోయింది. అప్పటికి అన్న కూతురు లావణ్య ఇంకా పుట్టలేదు.

చనిపోయినవాళ్ల నుంచి దానంగా వచ్చిన కార్నియా, అంటే కంటి ముందు పొర, రెండుసార్లు వేశారు. నిలవలేదు. చాలా ఏళ్లకు హైదరాబాద్ దవాఖానలో ఒక కంటికి ప్లాస్టిక్‌తో చేసిన కార్నియా అమర్చారు. చెకప్‌ల కోసం అక్కడే కిరాయి గదిలో ఉండి, సరాసరి లావణ్య పెళ్లికి వచ్చాడు.

తను ఎత్తుకుని పెంచిన పిల్ల ముఖం మొదటిసారి చూడాలని.

ఫంక్షన్ హాల్ గేటు దగ్గరే అన్న నర్సయ్య ఆపాడు. చచ్చినోడి కన్నుతో పెళ్లిపిల్లను చూస్తే కీడట.

అది శవానిది కాదు, ప్లాస్టిక్ అని నేను మొత్తుకున్నాను. పెద్దమనుషులు మాట్లాడుకుని, అయితే దేవుడిచ్చిన చూపు కాదు కదా అన్నారు. అన్నవాళ్లలో సగం మంది ముక్కు మీద కళ్లద్దాలున్నాయి.

రాజయ్యకు వంటల దగ్గర కుర్చీ వేశారు.

తలంబ్రాలయ్యాక లావణ్య అక్కడికే వచ్చి ఎదురుగా నిలబడింది.

"మంచిగ చూడు చిన్నాయినా. ఎట్లున్న?"

రాజయ్య చాలాసేపు చూశాడు.

"అచ్చం మీ నాయిన లెక్కనే ఉన్నవ్ బిడ్డా. ఏం జేస్తం మరి."

వంటవాళ్లు కూడా నవ్వారు.

నిన్న పాడె మీద నర్సయ్య తమ్ముడి కళ్లకు టవల్ కట్టించాడు. లావణ్య ఇప్పుడు కడుపుతో ఉంది. మూసిన కన్ను కూడా ఆమె మీద పడకూడదట. మీలో చాలామంది తల ఊపారు. చూశాను.

లావణ్య వచ్చి ముడి విప్పింది. టవల్ తండ్రి చేతిలో పెట్టింది.

"జర పక్కకు జరుగు నాయినా. చిన్నాయినకు అడ్డమున్నవ్."

నర్సయ్య జరిగాడు.

రాజయ్యా, ఇక నిమ్మళంగా ఉండు. వీళ్ల మొహాలు చూడాల్సిన పని నీకు లేదు.