తలుపు లెక్కకు నేను పెట్టిన సున్నా

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. పద్నాలుగేళ్లుగా గుండెల మీద బండలా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మాది గుంటూరు వైపు. తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో సగం బంద్‌లే, మిగిలిన సగంలో సిలబస్ లాగాలి. ఆ తొందరలో బోర్డు మీద ఒక లెక్క చేశాను. తెరిచి ఉన్న తలుపు అంచుకు మట్టి ముద్ద వచ్చి తగిలి అతుక్కుంటే, తలుపు ఎంత వేగంతో తిరుగుతుంది? లీనియర్ మొమెంటం మారదని రాసి చకచకా ముగించాను.

నల్గొండ పల్లె నుంచి వచ్చిన సైదులు లేచాడు.

“సార్, తలుపును కీలు గుడ నూకుతది గద. మరి లీనియర్ మొమెంటం ఎట్ల నిలుస్తది? కీలు కాడికెల్లి యాంగ్యులర్ మొమెంటం లెక్కేస్తే, గా నూకుడు తలుపును తిప్పలేదు గద సార్?”

క్లాసంతా నా వైపు చూసింది. ఆంధ్రా సారుకు లెక్క రాదంటారేమోనని భయం. నిజంగా అదేనా? ఏమో, నా అహంకారానికి ఉద్యమాన్ని అడ్డం పెట్టుకుంటున్నానేమో.

“ర్యాలీల్లో తిరిగేవాడివి, నువ్వా నాకు ఫిజిక్స్ చెప్పేది? కూర్చో!”

కూర్చున్నాడు.

సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో లెక్క మళ్లీ చేశాను. వాడన్నదే కరెక్ట్. తల కొట్టేసినట్టయింది. మర్నాడు క్లాసులో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఆదివారం పరీక్షకు నేనిచ్చిన పేపరు అప్పటికే ప్రింటయింది. అందులో అదే లెక్క. అందరూ నేను చెప్పినట్టే రాశారు. సైదులొక్కడే తన పద్ధతిలో చేశాడు, ఒక్క తప్పు లేకుండా. వాడికి మార్కులు వేస్తే నా తప్పు బయటపడుతుంది కదా? ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. తెలిసే చుట్టాను. ఛీ!

ఆదివారం మార్కులను బట్టి మా దగ్గర సోమవారం సెక్షన్లు మారేవి. ఆ సున్నాతో వాడు ఐఐటీ సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు పోయాడు. అక్కడ ఫిజిక్స్ అంటే గైడు బట్టీ పట్టించడమే. ఆ తర్వాత వాడు నన్ను ఏ సందేహమూ అడగలేదు.

పోయిన నెల ఎల్బీనగర్ బస్టాపులో వాడే వచ్చి నమస్తే పెట్టాడు. హయత్‌నగర్‌లో ఏదో గోదాములో సామాన్లు ఎక్కించే పనట. పక్కన ఏడేళ్ల కూతురు. ఆ పిల్లతో అన్నాడు:

“గీ సారు మస్తు చెప్తుండె బిడ్డా. నాకే ఫిజిక్స్ ఎక్కలె.”

వెటకారం కాదు. నిజంగానే నమ్ముతున్నాడు! అప్పుడైనా చెప్పొచ్చు కదా? అవునన్నట్టు తల ఊపాను. బస్సొచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. వాడి ఫోన్ నంబరైనా అడగలేదు నేను. వాడికి ఫిజిక్స్ వచ్చు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ఇన్నాళ్లకు కాగితం మీద పెట్టాను.