చెవితో టైపు కొట్టే మనిషి

తొంభైల మధ్యలో సిద్దిపేట బస్టాండుకు కాస్త దూరంలో, బట్టల దుకాణం పైఅంతస్తులో ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి వెళ్లాలి. లోపల మూడు యంత్రాలు, ఒక్కోదానికి ఇద్దరు విద్యార్థులు. ఇకమీదట వార్తలు కంప్యూటర్లోనే కొట్టాలని పత్రిక వాళ్లు చెప్పడంతో నేనూ చేరాను.

నా పక్క కుర్చీ నంగునూరు నుంచి వచ్చే ఒకాయనది. సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరు. పొట్టి, పొడుగు కూతలుగా వచ్చే మోర్స్ సందేశాలను వింటూ టైపు చేయడం ఆయన పని. ఇప్పుడు ఓడల్లోకి ఉపగ్రహాలతో పనిచేసే కొత్త యంత్రాలు వస్తున్నాయి. సెలవు ముగిసేలోపు బొంబాయిలో కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష పాసైతేనే మళ్లీ ఓడ ఎక్కనిస్తారు.

మొదటిరోజు ఆయన వేళ్ల వేగానికి గదంతా పని ఆపి చూసింది. ఆయన మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కొడుతున్నాడు. యంత్రం ఎప్పుడో ఆగిపోయి, తెర మీద ఏదో ప్రశ్న వేసి ఎదురుచూస్తోంది.

పాఠం చెప్పే అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. "అన్నా, కిటికీల ఏమున్నది? గీ తెర సూడు. అది అడుగుతున్నది," అంది.

"అడిగితే సప్పుడు చెయ్యాలె గద మేడం! ఊకె కూసుంటే నాకెట్ల తెలుస్తది?"

తెర చూస్తే ఆయన వేళ్లు ఆగిపోయేవి. నాకేమో టైపు రాదు. అందుకని తెర మీది మాటలు నేను చదివేవాణ్ణి, ఆయన కొట్టేవాడు. పాఠాలన్నీ అందరికంటే ముందు ముగించాం. రెండు వారాలకు ఆ అమ్మాయి మా కిటుకు కనిపెట్టింది.

"బొంబాయికి గీ సార్‌ను గూడ తోల్కపోతవా అన్నా?"

అందరూ నవ్వారు, ఆయన కూడా. మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ మాత్రం నాతో అన్నాడు: "పదిహేనేండ్ల సంది చెవుల మీదనే బతికిన సార్. మా నాయిన తాళ్లెక్కి కల్లు గీసేటోడు, నడుం పోయింది. నా కొలువు పోతే ఇంట్ల ఇంకో కొలువు లేదు."

మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే, ఎవరూ రాకముందు ఒంటరిగా కూర్చునేవాడు. తెర మీది ప్రతి వరుసా తనే గట్టిగా చదివి, తన గొంతు తనే విని కొట్టేవాడు. మేం వచ్చేసరికి గది మోగిపోతుండేది.

"పూజ అయిందా అన్నా? ప్రసాదమేది?" అని ఆ అమ్మాయి రోజూ ఏడిపించేది.

నెల తర్వాత ఆయన బొంబాయి నుంచి తిరిగొచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. ఆ అమ్మాయి ఎదురెళ్లింది.

"ఏమైందన్నా?"

"పరీక్ష పెట్టినాయన రెండుసార్లు నోరు మూసుకోమన్నడు మేడం."

"మరి?"

"మూసుకున్న. పెదవులు కదిలిచ్చుకుంట కొట్టిన."

సంచీలోంచి సర్టిఫికెట్ తీసి ఇచ్చాడు. ఆ అమ్మాయి ఒకసారి చూసి, తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది.

"గట్టిగ సదువు అన్నా. అందరు వినాలె."

ఆయన మెట్ల మీదే నిలబడి, పై అక్షరం నుంచి కింది సంతకం దాకా చదివాడు.