పసుపు తీగల రైలు

మా గుంటూరు వైపు మిర్చికి రేటొచ్చిందంటే చాలు, ఎక్కడో ఒకచోట ఇంజనీరింగ్ కాలేజీ మొలిచే రోజులవి. అద్దంకి రోడ్డు పక్కన పత్తి చేను దున్నించి కట్టిన అలాంటి కాలేజీలో నేను కొత్త లెక్చరర్ని. మా ఛైర్మన్ గారు మిర్చి వ్యాపారి. బస్తా విప్పకుండానే కాయ ఘాటు చెప్పగలరు గానీ, కంప్యూటర్ కనబడితే మాత్రం దణ్ణం పెట్టేవారు (అది ఆన్‌లో ఉందా లేదా అన్నది ఆయనకు అనవసరం). తనిఖీకి కమిటీ వస్తోందని తెలియగానే నన్ను పిలిచి, "ఏమయ్యా, కంప్యూటర్ నొక్కితే రైలు తిరగాలి. తిరిగిందా, నీ ఉద్యోగం పర్మినెంటు. తిరగలేదా, మీ నాన్నతో కలిసి మిరప కోతకి పో" అన్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? జిల్లాలో ఉన్న తెలివంతా నా ఒక్కడి దగ్గరే ఉందనుకునే వయసు. పెద్ద బల్ల మీద గుండ్రంగా బొమ్మ రైలు పట్టాలు పరిచి, వాటిని ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కలో కుడి పట్టాకు ఎర్ర తీగ, ఎడమ పట్టాకు నల్ల తీగ కలిపి, అన్నింటినీ బల్ల కింద నుంచి కంప్యూటర్ బోర్డులోకి లాగాను. కరెంటూ, "ఆగు, పో" అనే ఆజ్ఞలూ ఆ పట్టాల మీదుగానే ఇంజనుకు చేరతాయి. ఎక్కడ తారుమారైనా షార్టే. రైలు చక్కగా తిరిగింది. తనిఖీ రోజు పొద్దున్నే ఫైళ్లకు జిరాక్సులు తీయించుకు రమ్మని నన్ను గుంటూరు బ్రాడీపేట తోలారు.

తిరిగొచ్చేసరికి బల్ల కింద అన్నీ పసుపు తీగలే! ఛైర్మన్ గారి పత్తి మిల్లు ఎలక్ట్రీషియన్ చేతులు దులుపుకుంటున్నాడు.

"ఏంటయ్యా ఇది?" అని అరిచాను.

"శుభమా అని ఆఫీసర్లొస్తుంటే నల్ల తీగలేందిరా, పీకెయ్యమన్నారండి ఛైర్మన్ గారు. ఎరుపు డేంజరు కదాని అవి నేనే మార్చేశానండి" అన్నాడు, నాకేదో ఉపకారం చేసినట్టు. ఏ తీగ ఏ పట్టాదో వెతుకుదామంటే కమిటీ కారు అప్పటికే గేటు దాటింది.

ఛైర్మన్ గారు మీట భక్తిగా నొక్కారు. బోర్డు టప్పుమంది. కాలిన వాసన. రైలు ఉన్నచోటే ఉంది. "ఏమయ్యా?" అన్నారాయన. ఆ ఒక్క మాటలో నాకు మిరప చేను మొత్తం కనబడింది.

ఇంతలో కమిటీ పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి, వంగి, చూపుడు వేలితో ఇంజనును తోస్తూ "కూ..." అన్నారు. రైలు ఒక చుట్టు తిరిగొచ్చింది. "డిజిట్ అంటే ఇంగ్లీషులో వేలు కూడానండీ. ఇదే అసలైన డిజిటల్ కంట్రోల్! కుర్రాడు పట్టాలు ముచ్చటగా పరిచాడు, వదులుకోకండి" అన్నారు. అంతే, కమిటీ మొత్తం బల్ల చుట్టూ మూగింది. ఛైర్మన్ గారైతే పంచె ఎగ్గట్టి, "నాకో చుట్టు ఇవ్వండి సార్" అంటూ క్యూలో నిలబడ్డారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. నా చదువంతా వేలితో తోసి పారేశారు! "నువ్వూ ఓ చుట్టు తిప్పవయ్యా, పర్మినెంటు లెక్చరరూ" అన్నారు ఛైర్మన్ గారు. ఇంతమంది దద్దమ్మల మధ్య బుర్ర ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ, పళ్లు కొరుక్కుంటూ తోశాను. మలుపు దగ్గర నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి "కూ..." అని వచ్చింది. ఆ బుర్ర ఉన్న కుర్ర లెక్చరర్ మొహం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజు అందరికంటే గట్టిగా కూసింది వాడే.